భయం అనే క్రియ వెంట కాన్సస్ దాకా

"కాన్సస్‌లో చూడ్డానికేముందండీ?" అని మా పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇర్వింగ్‌లో ఉండే మన తెలుగువాళ్ళకి నాలుగు రోజులు సెలవు దొరికితే నయాగరా ఉంది, వేగస్ ఉంది, హ్యూస్టన్‌లో గుడి ఉంది. కాన్సస్ వెళ్ళొచ్చి ఫొటోలు చూపించినవాళ్ళని నేనైతే ఎరగను. నేను వెళ్ళింది ఒక క్రియాపదం కోసం. అదీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టని క్రియాపదం. ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, "మా ఫ్రెండ్‌కి ఇంటర్వ్యూ ఉంది, తోడు వెళ్తున్నా" అన్నాను. అది కూడా నిజమే.

తిరిగొచ్చి వారం దాటింది. ఇప్పుడు ఆవిడ మళ్ళీ అడిగితే ఏం చూశానో చెప్పగలను. ఒక బేకరీ చూశాను, దాని వెనక చలిగది చూశాను, ఆకాశం ఆకుపచ్చగా మారడం చూశాను, ఒక నల్లబల్ల చూశాను. వీటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది నల్లబల్లే.

ఇర్వింగ్

ఈ దేశంలో నా సొంత పేరు మీద ఉన్న ఆస్తి లైబ్రరీ కార్డు ఒక్కటే. మా ఆయన ఉద్యోగం వీసా మీద నేను డిపెండెంట్‌ని. ఉద్యోగం చేయకూడదు. చదువుకోకూడదని మాత్రం ఎవరూ అనలేదు. పొద్దున ఆయన్ని ఆఫీసుకి సాగనంపాక నడిచి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఇర్వింగ్‌లో నడిచేవాళ్ళు లేరు కాబట్టి, ఎవరో ఒకరు కారాపి "సాయం కావాలా?" అని అడిగేవారు.

లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్మేసే బల్ల మీద నాలుగేళ్ళ క్రితం అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్ లాంటి భాషలకి తల్లి అయిన భాష ఎలా ఉండేదో చెప్పే పుస్తకం అది. ఆ తల్లి భాషని పండితులు ఆదిమ స్లావిక్ అంటారు. తెరిస్తే ప్రతి మాట ముందూ ఒక నక్షత్రం గుర్తు. నక్షత్రం ఉంటే పేజీ అడుగున వివరణ ఉండాలి కదా అని అడుగున వెతికాను. లేదు. పుస్తకం చివర వెతికాను. అక్కడా లేదు. అచ్చుతప్పేమో, అందుకే చవగ్గా అమ్మేశారేమో అనుకున్నాను. చివరికి ఎవరూ చదవని ముందుమాటలో దొరికింది. ఆ భాష మాట్లాడినవాళ్ళు ఒక్క అక్షరం కూడా రాసిపెట్టలేదు. వాళ్ళు పోయిన చాలాకాలానికి పిల్ల భాషలవాళ్ళు రాయడం మొదలుపెట్టారు. పండితులు పిల్లల ముఖాలన్నీ పక్కపక్కన పెట్టి, తల్లి ముఖం ఇలా ఉండి ఉంటుందని గీస్తారు. గీసిన ప్రతి మాట ముందూ నక్షత్రం పెడతారు. 'ఇది మేం కట్టింది, ఎవరూ విన్నది కాదు సుమా' అని దాని అర్థం.

నాకు ఆ నిజాయితీ నచ్చింది. అక్కడి నుంచి లైబ్రరీవాళ్ళని వేధించి, వేరే ఊళ్ళ నుంచి నిఘంటువులు తెప్పించుకుని, నాలుగేళ్ళు చదివాను. ఆ భాష క్రియల్లో నాకు రానిది లేదని గర్వం కూడా వచ్చింది. ఆ గర్వాన్ని పంచుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. మా ఆయన ఓపికగా వింటాడు, విని "భోంచేద్దామా?" అంటాడు.

ఒకరోజు ధైర్యం చేసి, కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం చెప్పే ఒక పెద్దాయనకి ఈమెయిల్ పంపాను. సందేహం అడిగాను. జవాబు వచ్చింది. వసంతం చివర్లో తమ బృందం కలుస్తుందని, వేసవిలో జరిగే పాఠాలకి బయటివాళ్ళలో ఒకరికి చోటు ఇస్తామని, డిగ్రీ అక్కర్లేదని రాశారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఒక క్రియని ఎంచుకుని, దాని పుట్టుకా రూపాలూ నల్లబల్ల మీద నిలబెట్టాలట. అంతే.

ఆ అంతే అనే మాట చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. నాలుగేళ్ళుగా చదువుతున్నాను గానీ, నువ్వు చదివింది సరిగ్గా ఉందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. తప్పని కూడా అనలేదు. అనగలిగిన మనిషే తారసపడలేదు. అలాంటివాళ్ళు ఆ నల్లబల్ల ఉన్న గదిలో ఉంటారు. నేను చేసింది చదువో, పొద్దుపోక చేసిన పనో అక్కడ తేలిపోతుంది.

ఏ క్రియ ఎంచుకోవాలా అని పెద్దగా ఆలోచించలేదు. ఆ రోజుల్లో నాకు బాగా పరిచయమున్నది ఒక్కటే: భయపడటం. ఆదిమ స్లావిక్‌లో అది బొయాతి సెఁ. చివర ఉన్న సెఁ అంటే 'తనని తాను' అని. మన అరసున్నాని ముక్కుతో పలికితే సరిగ్గా ఆ ధ్వనే వస్తుంది. మనకి భయం వేస్తుంది, చలి వేసినట్టు, ఆకలి వేసినట్టు, బయటి నుంచి వచ్చి మీద పడుతుంది. వాళ్ళు తమని తాము భయపడతారు. ఇంకో సంతోషం ఏమిటంటే, ఆ బొయ్ అనేదీ, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న భయమూ ఒకే వేరు నుంచి వచ్చినవి. మా తెనాలికీ మాస్కోకీ మధ్య చుట్టరికం కలిపేది భయమా అని నవ్వుకున్నాను.

ఎర్రనది దాటాక

నన్ను తీసుకెళ్ళింది శ్రావణి. వరంగల్ పిల్ల, కిందటి డిసెంబర్లోనే మాస్టర్స్ అయిపోయింది. కాన్సస్ సిటీలో ఆమెకి ఇంటర్వ్యూ. పాత కారు, ముందు అద్దానికి అంటించిన జీపీఎస్, వెనక సీట్లో ఇస్త్రీ చేసిన కోటు హ్యాంగర్‌కి వేలాడుతూ ఉంది. నాకు డ్రైవింగ్ లైసెన్స్ ఉంది గానీ హైవే ఎక్కాలంటే కాళ్ళు చల్లబడతాయి. పక్కన కూర్చున్నా చల్లబడతాయి.

"అక్కా, గా డోర్ హ్యాండిల్ వదులు. ఊడొస్తది," అంది శ్రావణి, డెంటన్ దాటకముందే.

"నేను పట్టుకోలేదే."

"పట్టుకున్నవ్. వేళ్ళు తెల్లగైనయ్. ఇంటర్వ్యూ నాకా నీకా?"

ఎర్రనది పేరుకి తగ్గట్టే ఎర్రమట్టితో ఉంది, నీళ్ళు తక్కువ. వంతెన దాటితే ఓక్లహోమా. కొండల దగ్గర అందరూ ఆగే ఒక దుకాణంలో ఆగాం. లోపల పండ్ల గుజ్జు పెట్టి నూనెలో వేయించిన కజ్జికాయ లాంటిది అమ్ముతారు. అచ్చం మన కజ్జికాయే, కాకపోతే అరచేయంత. నేరేడు రంగు గుజ్జు ఉన్నది తీసుకున్నాను. రెండు డాలర్లు. వేడిగా ఉందని తెలియక కొరికి నాలుక కాల్చుకున్నాను. రేపు ఇదే నాలుకతో కదా మాట్లాడాలి అనుకుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. శ్రావణి కారంలేదని తన ముక్క మీద బ్యాగులోంచి తీసిన కారప్పొడి చల్లుకుంది. గల్లాపెట్టె దగ్గరున్న ముసలాయన అది చూసి, మాట్లాడకుండా, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

దారి పొడుగునా నేను రూపాలు వల్లించాను. నేను భయపడతాను, బొయోఁ సెఁ. నువ్వు భయపడతావు, బొయిషి సెఁ. ఆ భాషలో సంస్కృతంలో లాగే ద్వివచనం కూడా ఉంది. మేమిద్దరం భయపడతాం, బొయివే సెఁ. స్కూల్లో రామశబ్దం బట్టీ పట్టిన పద్ధతిలోనే, ఏకవచనం, ద్వివచనం, బహువచనం, రాగం తీస్తూ.

"గిది మంత్రమా అక్కా?"

"క్రియ."

"దేన్ని ఆపుతది?"

"ఏదీ ఆపదు."

"మరెందుకు చదువుడు?" అని రేడియో పెట్టింది. రేడియోలో పాట రాలేదు. ఒక గొంతు కౌంటీల పేర్లు చదువుతోంది, మధ్యమధ్యలో గరగరమనే హెచ్చరిక మోత. శ్రావణి నవ్వడం మానేసింది.

బేకరీ ఊరు

ఓక్లహోమా ఉత్తరాన ఒక చిన్న ఊరి దగ్గర పెట్రోలు కోసం హైవే దిగాం. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, కార్ల దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. పడమటి ఆకాశం నల్లగా లేదు. నల్లగా ఉంటే వాన అనుకునేదాన్ని. పాచిపట్టిన గోలెంలో నీళ్ళ రంగులో ఉంది. గాలి లేదు. బంకు ముందు జెండా గుడ్డ కర్రకి అంటుకుపోయి ఉంది.

మా తీరంలో తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. రేడియో చెబుతుంది, రేవులో హెచ్చరిక ఎగరేస్తారు, ఇంట్లో కిరసనాయిలు, అటుకులు సర్దుకుంటారు. భయపడటానికి కూడా తీరిక ఉంటుంది. ఇక్కడ సుడిగాలికి ఆ మర్యాద లేదు. సైరన్ మోగాక మిగిలేది నిమిషాలే.

మేం పెట్రోలు పోసుకుంటుండగానే మోగింది. సినిమాల్లో యుద్ధం వచ్చినప్పుడు మోగే సైరనే. ఊరంతా ఒకే గొంతుతో ఏడ్చినట్టుంది. బంకు కుర్రవాడు అద్దం తలుపు తీసి "బేకరీకి పోండి! చలిగది!" అని ఎదురుగా చూపించాడు. నేను పర్సు వదిలేసి, ఆ అట్ట ఊడిన పుస్తకం పట్టుకుని పరిగెత్తాను. శ్రావణి కోటు పట్టుకుని పరిగెత్తింది.

బేకరీ యజమానురాలి పేరు డోరతీ. డెబ్బై దాటి ఉంటుంది, ముంజేతుల దాకా పిండి. తలుపు పట్టుకుని నిలబడి, "లోపలికి, హనీ, తిన్నగా వెనక్కి, వెన్న పక్కకి," అంది, భోజనాల దగ్గర వరస చూపించినట్టు.

చలిగది

అది మనుషులు నడిచి వెళ్ళేంత పెద్ద ఫ్రిజ్జు. ఇనుప గోడలు. వెన్న పెట్టెలు, గుడ్ల అట్టలు, తెల్లారి కాల్చడానికి సిద్ధంగా ఉన్న పిండి ముద్దల ట్రేలు. మేం ఇద్దరం, డోరతీ, ఒక లారీ డ్రైవరు. ఆయన చాలా లావుగా ఉండటం వల్ల పిండి ట్రేలు ఒకవైపు జరపాల్సి వచ్చింది. నేనూ శ్రావణీ ఒక గోధుమపిండి మూట మీద కూర్చున్నాం. ఆమె కోటు ఇద్దరి మీదా కప్పింది.

"ఇంటర్వ్యూకి ముడతలు పడతాయే," అన్నాను.

"బతికుంటే ఇస్త్రీ చేస్త," అంది. పళ్ళు తాళం వేస్తున్నాయి.

దీపం ఆరిపోయింది. ఫ్రిజ్జు మోటారు ఆగిపోయింది. అప్పటిదాకా ఆ మోత ఉందనే తెలియలేదు, ఆగాక బయటి మోత వినిపించింది. గాలి అని చెప్పలేను. ఒక గూడ్సు రైలు మన ఇంటి వరండాలోంచి వెళ్తే ఎలా ఉంటుందో అది. చెవులు మూసుకుపోయాయి. తలుపు తనంతట తాను లోపలికీ బయటికీ ఊపిరి పీలుస్తున్నట్టు కదిలింది. లారీ డ్రైవరు దానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

ఆ చీకట్లో డోరతీ ఎవరితోనూ కాకుండా, చిన్నగా, పదే పదే అంటోంది: "నెబోయ్ సె. నెబోయ్ సె."

 నాలుగేళ్ళుగా నేను పుస్తకంలో చూసిన మాట, నక్షత్రం లేకుండా, ఒక ముసలావిడ నోట్లోంచి, పక్కనే వినబడుతోంది.

"అది ఏ భాష?" అని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా మళ్ళీ అడిగాను.

"చెక్," అంది డోరతీ. "మా అమ్మమ్మ అనేది. భయపడకు అని. నాకు వచ్చిన చెక్ మొత్తం ఇదే. ఇదీ, ఇంకో మూడు తిట్లూ."

"తిట్లు కూడా చెప్పండి," అన్నాడు లారీ డ్రైవరు. "ఇప్పుడు పనికొస్తాయి."

ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. బయట లోకం ఊడిపోతుంటే నేను ఆ చీకట్లో పాఠం మొదలుపెట్టాను. మీ అమ్మమ్మ మాటకీ మా ఊరి భయానికీ వేరు ఒకటేనని, వెయ్యేళ్ళకి ముందు ఇలా ఉండేదని, దానికీ వెనక అలా ఉండేదని, ఒకటే వేగం. ఆగితే మోత వినాల్సి వస్తుందని నా భయం. రూపాలు కూడా చెప్పాను. బొయివే సెఁ దగ్గర శ్రావణి నా చెయ్యి గట్టిగా నొక్కింది. అర్థం తెలిసి కాదు, అప్పుడే తలుపు దడదడలాడింది.

"మేడం," అన్నాడు లారీ డ్రైవరు, "పరీక్ష ఉంటుందా?"

డోరతీ నవ్వింది. ముందు ఆమె, తర్వాత శ్రావణి, చివరికి నేను. నవ్వుతుండగానే మోత దూరమైంది. తలుపు తెరవడానికి మాత్రం చాలాసేపు ఎవరికీ ధైర్యం చాలలేదు.

బయట ఊరు ఉంది. సుడిగాలి ఊరికి ఉత్తరంగా పొలాల మీదుగా పోయిందట. బేకరీ బోర్డు రోడ్డు మధ్యలో పడి ఉంది. వడగళ్ళు తగిలి మా కారు అద్దం ఒకవైపు సాలెగూడులా చిట్లింది. బంకులో నా పర్సు నేను పడేసిన చోటే, నీళ్ళలో ఉంది. డోరతీ ఇంటింటికీ ఫోను చేసి ఎవరికీ ఏమీ కాలేదని రూఢి చేసుకున్నాక, పొయ్యి ఆరిపోకముందు కాల్చిన కొలాచీలు పెట్టింది. మధ్యలో గుంట చేసి ఆప్రికాట్ గుజ్జు నింపిన తియ్య బన్ను. డబ్బులిస్తే తీసుకోలేదు.

"రేపు ఏదో చెప్పాలన్నావు కదా, భయంగా ఉందా?" అని అడిగింది నన్ను.

"చాలా."

"దీనికంటేనా?" అని ఆకాశం చూపించింది.

అవుననడానికి సిగ్గేసింది. కానీ అవును.

రాత్రికి ఆ ఊళ్ళోనే మోటెల్లో ఆగాం. కరెంటు లేదు. శ్రావణి తన కోటుని పరుపు కింద పరిచి, ఆ పరుపు మీద కదలకుండా పడుకుంది.

ఫ్లింట్ హిల్స్

రెండో రోజు దారి నన్ను ఇంకోరకంగా భయపెట్టింది. కాన్సస్‌లో అడుగుపెట్టగానే టోల్ రోడ్డు ఎక్కుతాం, విచిటా దాటాక చాలా దూరం దిగడానికి దారే ఉండదు. రెండువైపులా గుట్టలు, గుట్టల మీద గడ్డి తప్ప ఏమీ లేదు. చెట్టు లేదు, ఇల్లు లేదు, ప్రకటన బోర్డు లేదు. అక్కడి రైతులు ఏటా వసంతంలో గడ్డి తగలబెడతారట, కొత్త గడ్డి కోసం. మాడిన నేల మీద లేచిన పచ్చ చూస్తే మన నారుమడి గుర్తొచ్చింది. ఎటు చూసినా ఆకాశం. నిన్నటి ఆకాశమే, ఈరోజు ఏమీ ఎరగనట్టు నీలంగా ఉంది. నేను ప్రతి మబ్బునీ అనుమానంగా చూశాను.

"ఇంటర్వ్యూలో టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటరు గదా," అంది శ్రావణి. "ఫ్రిజ్‌ల కూసొని సంస్కృతం విన్న అని చెప్త."

"ఆదిమ స్లావిక్."

"అదే, ఏదో ఒకటి. అక్కా, ఓపీటీ గడువు దగ్గర పడ్తుంది. గంతల ఉద్యోగం దొరక్కపోతే వాపస్ ఇండియాకే. నాక్కూడ భయమే. నేను నీలెక్క పాడుకుంట కూసోను, గంతే తేడా."

ఆ మాటతో నేను వల్లించడం ఆపాను. పాపం అంత దూరమూ ఆ పిల్ల నా భయాన్నే మోసింది.

విశ్వవిద్యాలయం ఒక గుట్ట మీద ఉంది. మధ్యాహ్నానికి నన్ను దింపేసి, ముడతల కోటుతో కాన్సస్ సిటీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వస్తానంది.

నల్లబల్ల

మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది. పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ళు మరిగించే కెటిల్, పగిలిన చెవుల కప్పులు. ఆరేడుగురు ఉన్నారు. నాకు మెయిల్ రాసిన ప్రొఫెసర్‌గారు చాలా సన్నగా, ఆ ఎండలో కూడా స్వెటర్ వేసుకుని, కిటికీ పక్కన కూర్చున్నారు. కాగితాలు అడగలేదు. ఎక్కడ చదివారని అడగలేదు. "ఏ క్రియ?" అన్నారు. చెప్పాను. చేతికి సుద్దముక్క ఇచ్చారు.

మొదటి నక్షత్రం సాలీడులా వచ్చింది. తర్వాత కుదురుకుంది. ఒకవైపు పిల్ల భాషల రూపాలు వరసగా రాశాను. డోరతీ అమ్మమ్మ భాష కూడా. మధ్యలో తల్లి రూపాలు, ఏకవచనం, ద్వివచనం, బహువచనం. అన్నిటికీ పైన, ముత్తవ్వ స్థానంలో, సంస్కృతంలోని బిభాయ అనే పాత రూపం రాసి, అక్కడి నుంచి బొయ్ దాకా ఒక బాణం గీశాను. 'భయపడిపోయి ఉన్నాడు' అని దాని అర్థం. స్లావిక్ క్రియలోని ఒకారం నేరుగా అలాంటి రూపం నుంచే దిగిందని ఒక వాదం ఉంది. అది నాకు చాలా ఇష్టమైన వాదం. చదివిన రోజు లైబ్రరీలో లేచి నిలబడ్డాను. అదంతా రాశాక, గట్టిగా చదివి వినిపించాను. ఒక్క రూపం తడబడలేదు.

గడ్డం పెంచుకున్న ఒక విద్యార్థి, టాడ్ అని పేరు, మెల్లగా ఈల వేశాడు. ఇంకేం, అయిపోయింది అనుకున్నాను. ప్రొఫెసర్‌గారు లేచి వచ్చి నా చేతిలో డస్టర్ పెట్టి, వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

మన బళ్ళలో డస్టర్ మాస్టారి చేతిలో ఉంటుంది. అది తుడవడానికీ, విసరడానికీ. పిల్లల చేతికి ఇచ్చారంటే తప్పు రాశావు, తుడిచి దిద్దు అని. 

"ఏది తప్పు సార్?" అన్నాను.

"తప్పని ఎవరన్నారు?"

"మరి?"

"ఇక్కడ రాసినవాళ్ళే ఒకటి తుడవాలి. మీరు నిలబెట్టినవాటిలో మీకు అన్నిటికంటే తక్కువ నమ్మకం దేని మీదో, అది. ఈ గదిలో అందరూ తుడిచారు. నేను ఏటా తుడుస్తాను."

"నేను ఏడ్చాను," అంది మిలెనా అనే సెర్బియన్ అమ్మాయి, నాకు ఊరట కలిగించడానికి. "ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు."

"నేను బల్ల మొత్తం తుడిచేశాను," అన్నాడు టాడ్. "అలా కుదరదన్నారు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాలుగేళ్ళు నేను చేసింది నమ్మడం. పుస్తకంలో ఉన్నది బుర్రలోకి ఎక్కించడం. దేన్ని ఎంత నమ్మాలో నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ముందుమాటలో నక్షత్రానికి అర్థం చదివి నిజాయితీ అని మెచ్చుకున్నాను గానీ, బట్టీ పట్టేటప్పుడు ఏ ఒక్క నక్షత్రాన్నీ పలకలేదు.

ద్వివచనం వరస మీదికి చెయ్యి వెళ్ళింది. అక్కడ ఒకటి తుడిస్తే ఎవరికీ నష్టం లేదు, నాకూ నొప్పి లేదు. కానీ ఆ వరస నిలబడుతుందని నాకు తెలుసు. ఊరికే వినయం నటించినట్టవుతుంది. ప్రొఫెసర్‌గారు కిటికీలోంచి చూస్తున్నారు. బల్ల మీద కెటిల్ మరుగుతోంది.  నిన్న చలిగదిలో నాకు చేయగలిగిందేమీ లేదు, కూర్చోవడమే. ఇక్కడ నేనే ఏదో చేయాలి, అది అందరూ చూస్తారు.

ఒక్కొక్క రూపాన్నీ నువ్వు నాకెలా తెలుసు అని అడుగుతూ పైకి వెళ్ళాను. బాణం దగ్గర ఆగిపోయాను. పైన సంస్కృతం. చుట్టరికం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ బాణం? స్లావిక్‌కి పక్కింటి చుట్టాలైన బాల్టిక్ భాషల్లో ఈ క్రియ ఉంది, అక్కడ ఆ ఒకారం లేదు, ఇకారం ఉంది. అది ఎలా అని నా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నేను ప్రతిసారీ త్వరగా దాటేసేదాన్ని. ఎందుకు దాటేశానో అక్కడ నిలబడినప్పుడు అర్థమైంది. నాకు ఆ బాణం కావాలి. ఈ భాష నాది కాకపోయినా, మా స్కూల్లో వల్లించిన భాష నుంచి నేరుగా ఒక దారి ఉండాలి. నేను ఈ గదిలోకి రావడానికి నాకున్న హక్కు అదే అనుకున్నాను.

డస్టర్ ఎత్తి బాణాన్ని తుడిచాను. బిభాయని కూడా తుడిచాను. సుద్ద నా ముఖం మీదే రాలింది.

"ఎందుకు?" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"పక్క భాషల్లో ఆ అచ్చు లేదు. వేరు ఒకటే అని నమ్ముతాను. దారి మాత్రం నాకు ఇష్టం కాబట్టి గీశాను."

 వెళ్ళిపోమంటారని సిద్ధపడ్డాను. బ్యాగు ఎక్కడ పెట్టానో కూడా చూసుకున్నాను.

"నేనైతే ఉంచేదాన్ని," అంది మిలెనా.

"ఏ ఆధారం మీద?" అన్నాడు టాడ్.

"ఒకారం మరి ఎక్కడి నుంచి ఊడిపడింది? నువ్వు చెప్పు."

"చెప్పలేను. అందుకే ఉంచను."

ఇక మొదలైంది. ఆమె లేచొచ్చి నా చేతిలోంచి సుద్ద లాక్కుని బాణం మళ్ళీ గీసింది. టాడ్ దాని మీద ప్రశ్నార్థకం పెట్టాడు. ఇంకొకాయన లిథుయేనియన్ రూపాలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మధ్యలో నన్ను, "నువ్వు చెప్పు, సంస్కృతంలో ఇంకోచోట ఇలా ఉందా?" అని అడిగారు. చెప్పాను. ఇంకో ఇద్దరు ఆ జవాబు మీద పోట్లాడుకున్నారు. నేను నిలబడే ఉన్నానని ఎవరికీ గుర్తులేదు. ప్రొఫెసర్‌గారు తన పక్క కుర్చీని కాలితో నావైపు తోశారు.

బయటికొచ్చేటప్పుడు ఆయన ఒక్క ముక్క చెప్పారు: "జూన్‌లో వచ్చేటప్పుడు కప్పు తెచ్చుకోండి. ఇక్కడివి చాలవు."

మెట్ల మీద మిలెనాని ఆపి, "అంటే ఏమిటి?" అని అడిగాను.

"అంటే ఏమిటేమిటి? చోటు నీదే. ఆయన ఇంతకంటే మర్యాదగా ఎవరికీ చెప్పలేదు."

గుట్ట దిగువన

శ్రావణి సాయంత్రం అన్నమాట ప్రకారం వచ్చింది. చిట్లిన అద్దంలోంచి ఆమె ముఖం ముక్కలుగా కనిపించింది. ఇంటర్వ్యూ ఎలా జరిగిందంటే, "కాల్ చేస్తం అన్నరు. అందరికీ గట్లనే అంటరు," అని భుజాలు ఎగరేసింది. కోటు వెనక సీట్లో ఉండలా పడి ఉంది.

"నీదేమైంది? పాసైనవా?"

"కప్పు తెచ్చుకోమన్నారు."

"గదేంది?"

జరిగిందంతా చెప్పాను. విని, స్టీరింగ్ మీద చెయ్యేసి నావైపు తిరిగింది.

"అయితే సెలెక్ట్ అయినట్టే గదా. మరి మొఖం గట్ల పెట్టినవేంది?"

"భయంగా ఉందే."

"ఇంక దేనికి? అయిపాయె గదా."

"ఇన్నాళ్ళూ ఎవరైనా తప్పంటారేమోనని భయం. ఇకనుంచి ఏది సరిగ్గా తెలియదో నేనే చెప్పాలి. అందరి ముందూ. వేసవంతా."

"వద్దని చెప్పు మరి."

"చెప్పను."

శ్రావణి పెద్దగా నవ్వి కారు స్టార్ట్ చేసింది. గుట్ట కింద పట్నంలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. సీట్ బెల్ట్ లాక్కుంటే దాని నల్లపట్టీ మీద నా వేళ్ళ సుద్ద అచ్చులు నాలుగూ తెల్లగా పడ్డాయి. తుడవబోయి, ఊరుకున్నాను.